మాటకు చెవుడు, రాతికి కాదు

“ఆ కమ్మీ ఈ పొద్దు ఇంట్లోనే ఉండాల. నేను చెప్పినాను, అంతే.”

“అది లేకుండా నేను కొండ ఎక్కేది లేదు.”

“ఎక్కొద్దు! నేనూ నా బిడ్డా పోయొస్తాం. నువ్వు ఈడ్నే కూచోని గోడకు చెవి పెట్టుకో.”

“నేను లేకుండా పోయి ఏం చేస్తావే? మన్ను ఎవురు ఏస్తారు?”

“దానికే గదయ్యా మూడేండ్లుగా నీ కాళ్ళు పట్టుకుంటా ఉండేది!”

తెల్లవారి ఐదు గంటలకు కేజీఎఫ్ బంగారు గనుల పక్క ఆండర్సన్‌పేటలో ఆ వరస ఇళ్ళన్నీ ఈ గొడవ విన్నాయి. వినక తప్పదు. మామ దొడ్డమునియప్పకు చెవుడు. ఆయనతో పోట్లాడాలంటే అత్త జయలక్ష్మమ్మ గొంతెత్తాలి. ఆమె ఎత్తితే ఆయన ఇంకా ఎత్తుతాడు. ఆ ఇంట్లో గుట్టు అనేది నిలవదు. స్నేహితుడిని అడిగి తెచ్చిన ఓమ్ని కారును గుమ్మం ముందు ఆపి, లోపలికి పోవాలా వద్దా అని నేను నిలబడి ఉన్నాను. ఎదురింటి ఆమె ముగ్గు డబ్బా చేతిలో పెట్టుకుని వంగిన మనిషి వంగినట్టే వింటోంది.

జయలక్ష్మమ్మ మా నాన్నకు చెల్లెలు. మూడేళ్ళ కిందట, కార్తీకమాసంలో ఒక ఆదివారం, ఆమె కొడుకు గిరీశ్ బెంగళూరులో తనతో పని చేసే ముగ్గురితో కలిసి గౌనిపల్లి అవతల ఒంటిగుండ్ల కొండ ఎక్కాడు. ముగ్గురే దిగారు. ఫోటో తీసుకుంటానని పక్కకు పోయినవాడు మళ్ళీ కనిపించలేదు. శవం దొరకలేదు. చెప్పు కూడా దొరకలేదు. అప్పటికి వాడికి ఇరవై ఆరేళ్ళు.

దొరకని మనిషికి ఏమీ చేయడానికి లేదు. ఫోటోకు దండ వేయకూడదు. పెద్దల పండగనాడు పోయినవాళ్ళందరికీ విస్తళ్ళు వేసి అన్నం పెడతారు కదా, అత్త ఆ రోజు ఒక విస్తరి చేతిలో పట్టుకుని వంటింట్లో నిలబడిపోయేది. వేస్తే బతికున్న కొడుకును చంపినట్టు. వేయకపోతే చచ్చిన కొడుకును ఆకలితో తిప్పినట్టు. అయ్యవారిని అడిగితే దర్భలతో బొమ్మ చేసి, వాడి చొక్కాలో చుట్టి, వాడు పోయిన చోటనే గుంటలో పెట్టమన్నాడు. పెళ్ళికాని కొడుకు గనక తండ్రి చేతి మన్నే పడాలన్నాడు. అత్త చేయి పనికిరాదు.

ఆ చేయి లేవడం లేదు. మొదటి సంవత్సరాంతానికి కొండ ఎక్కారు. మామ తన ఇనుప కమ్మీ ఒక కొన బండకు ఆనించి, రెండో కొన పళ్ళతో కరిచి, కళ్ళు మూసుకుని విన్నాడు. “కొడతా ఉండాడు” అన్నాడు. బొమ్మను తిరిగి ఇంటికి తెచ్చారు. రెండో సంవత్సరమూ అంతే. ఈరోజు మూడోది.

“మునేషూ, వచ్చినావా?” అత్త నన్ను చూసింది. “నువ్వే చెప్పప్పా మీ మామకు. మూడేండ్లు. అన్నం ల్యా, నీళ్ళు ల్యా. మనిషన్నోడు రాతి కింద మూడేండ్లు ఉంటాడా?”

మామ నా మూతి వైపు చూశాడు. మాటలు ఆయన చూసి వింటాడు.

“కమ్మీ తెచ్చుకోనీ అత్తా” అన్నాను గట్టిగా. “వినకపోతే రాడు. వచ్చినాక చూద్దాం.”

నాకేదో తెలివి ఉందని అన్నది కాదు. ఏడున్నరలోపు అక్కడికి చేరకపోతే ఎండ ఎక్కుతుంది, గొడవ తెగేది కాదు, అందుకని అన్నాను.

“ఏం లేకపోతే ఏస్తావా?” అత్త ఆయన గడ్డం పట్టుకుని తన వైపు తిప్పుకుంది. “దేవునిమింద ఒట్టు పెట్టి చెప్పు.”

“ఏం లేకపోతే ఏస్తా. సత్తెంగా ఏస్తా. వినపడితే మాత్రం ముట్టుకోను.”

సవిత చిత్రాన్నం డబ్బా సంచిలో పెడుతూ బయటికి వచ్చింది. గిరీశ్ చెల్లెలు. బట్టల అంగట్లో నిలబడి పనిచేస్తుంది, ఆదివారం ఒక్కటే ఆమెది. “నేను పక్కన్నుంచి పిలిస్తే మా అప్పకు వినపడదు బావా,” అంది, “కొండ పిలిస్తే మాత్రం వినపడతాది.” ఆమె తండ్రికి అది వినపడలేదు. కమ్మీని గోనెపట్టలో చుట్టుకుంటున్నాడు.

కారులో నా పక్కన ముందు సీట్లో కూర్చున్న మామ గురించి చెబుతాను. దారి రెండు గంటల పైన ఉంది, ఆయన ఎట్లాగూ మాట్లాడడు.

ఆయన తండ్రి పుంగనూరు పక్క పల్లె నుంచి గనిలో పనికి వచ్చినవాడు, దగ్గి దగ్గి పోయాడు. ఈయన పంతొమ్మిదేళ్ళకు దిగాడు. రాతికి రంధ్రాలు వేసే మిషన్ పట్టుకున్నాడు. ఆ మిషన్ చప్పుడు గురించి ఒకసారి అడిగితే, “చప్పుడు కాదురా, అది తలకాయ లోపల ఉంటాది, బయట ఉండదు” అన్నాడు. పదేళ్ళకే చెవులు మందగించాయి. మందగించాయని తెలిస్తే పైకి తెచ్చి ఊడ్చే పనిలో పెడతారు, అందుకని ఎవరూ చెప్పుకునేవాళ్ళు కాదు. చెవుల పరీక్షలో డాక్టరు వెనక నిలబడి మెల్లగా ఒక అంకె చెప్పేవాడట, ఆ పూట అందరికీ అదే అంకె. ముందు పోయినవాడు బయటికి వస్తూ చెమట తుడుచుకున్నట్టు నుదుటిమీద వేళ్ళు చూపించేవాడు. ఏడంటే ఏడు. “వరసలో అందరమూ చెవిటోళ్ళమే, అందరమూ పాసే” అని నవ్వేవాడు మామ. నవ్వే రోజుల్లో.

కూలిన రాతి కింద మనుషులను వెతికే పని ఆయనకు వేరేగా వచ్చింది. ఒక ముసలి మేస్త్రీ నేర్పాడు. రాయి కూలి సొరంగం మూసుకుపోతే అవతల ఇరుక్కున్నవాడు అరిచినా లాభం లేదు, రాయితో రాయిని కొట్టాలి. మూడు దెబ్బలు, ఆగి, మళ్ళీ మూడు. ఇవతలివాడు కమ్మీని పళ్ళతో కరిచి వినాలి. దెబ్బ ఇనుములో నుంచి పంటికి, పంటి నుంచి పుర్రెకు వస్తుంది. చెవితో పని లేదు. మాటకు చెవుడు ఉన్నవాడు కూడా రాతిని వినగలడు. మామకు ముప్పై రెండేళ్ళప్పుడు ఒక సొరంగం కూలి ఇద్దరు లోపల ఉండిపోయారు. లాభం లేదని అందరూ సామాన్లు సర్దుకుంటున్నారు. ఈయన బండ బండకూ కమ్మీ పెట్టి, పళ్ళు కదిలిపోయేదాకా విని, “ఈడ” అని ఒక చోట వేలు పెట్టాడు. ముప్పై గంటల తర్వాత ఇద్దరినీ బతికుండగా లాగారు. అప్పటినుంచి ఆయనకు ‘కమ్మీ మునియప్ప’ అని పేరు. ఆ ఇద్దరిలో ఒకాయన ఇప్పటికీ మా వీధిలోనే ఉన్నాడు, మామ ఎదురొస్తే చెప్పులు విడిచి నిలబడతాడు.

గని మూతపడ్డాక ఆయన బెంగళూరులో ఒక అపార్టుమెంటుకు వాచ్‌మన్‌గా పోయాడు. కార్ల హారన్ వినపడక తీసేశారు. ఇంకోచోట కూడా అంతే. తర్వాత ఇంట్లోనే. మా చిన్నప్పుడు వీధిలో పిల్లలందరమూ ఆయన చుట్టూ చేరేవాళ్ళం. మెట్టుబండకు కమ్మీ ఆనించి కరిచి, “నాలుగో ఇంట్లో రుబ్బురోలు తిరగతా ఉండాది” అనేవాడు. మేం పరుగెత్తి పోయి చూస్తే నిజంగానే తిరుగుతూ ఉండేది. గిరీశ్ ఎప్పుడూ నా ముందు పరుగెత్తేవాడు, వాడి కాళ్ళు పొడుగు. ఆ ఆట ఎప్పుడు ఆగిపోయిందో మాలో ఎవరికీ గుర్తులేదు. మేం పెద్దయ్యాం కాబట్టి ఆగిందని అనుకున్నాం.

శ్రీనివాసపురం మామిడి తోటలు దాటాం. గౌనిపల్లి దాటి మట్టిదారిలో కారు ఆపినప్పుడు ఏడున్నర అయింది. కింద పల్లెలో రాగి కోతలు. ఒక ముసలామె మమ్మల్ని గుర్తుపట్టి కొడవలి ఆపి కొండ వైపు చూసింది. మూడేళ్ళ కిందట ఆ ఊరివాళ్ళందరూ కొండమీదే ఉన్నారు.

కొండ మరీ ఎత్తు కాదు. మామూలు మనిషి గంటన్నరలో ఎక్కుతాడు. కానీ అది మట్టికొండ కాదు, గుండ్ల కుప్ప. ఇల్లంత బండలు ఒకదానిమీద ఒకటి పడి ఉంటాయి, వాటి సందుల్లో లంటానా కంప, కంప కింద ఏముందో తెలియని చీకటి. మామ ముందు నడిచాడు. ఒరిగి ఉన్న ప్రతి బండ కిందికీ పోకముందు కమ్మీతో దాన్ని రెండుసార్లు కొట్టి, అరచెయ్యి ఆనించి చూసేవాడు. గనిలో పైకప్పు గట్టిదో కాదో అట్లాగే చూస్తారట. ఒక చోట చెయ్యి ఆనించి, తల ఊపి, మమ్మల్ని చుట్టూ తిప్పి తీసుకుపోయాడు. కంప గీరుకుని సవిత చెయ్యి నెత్తురు కారింది.

“ఇదేమన్నా సొరంగమా అప్పా? వెయ్యేండ్లుగా పడని గుండు మనం పోతేనే పడతాదా?”

“ఏమంటాది?” అన్నాడు నాతో.

“మంచి దారి అంటా ఉండాది మామా.”

“ఊ. ఆ బండ ఒట్టిది. నమ్మేదానికి లేదు.”

అత్త వెనక వస్తోంది. బొమ్మ ఉన్న సంచి ఎవరికీ ఇవ్వలేదు. దానిలో గిరీశ్ నీలం చొక్కా ఉంది, ఇస్త్రీ చేసింది. మధ్యలో ఒకచోట కూర్చుని చిత్రాన్నం తిన్నాం. అత్త తినలేదు. “వాడికి పెట్టినాకనే” అంది. మామకు ఈ మాట వినపడలేదు గానీ ఆమె డబ్బా ముట్టుకోకపోవడం చూసి ఆయన కూడా ముద్ద కింద పెట్టేశాడు. సవిత తండ్రి వైపు, తల్లి వైపు చూసి, “మీ ఇద్దరికీ వాడొక్కడే బిడ్డ” అని లేచిపోయింది.

పదికి ఏనుగుగుండు దగ్గరికి చేరాం. కొండకు పడమటి పక్కన ఉంటుంది. లారీ అంత బండ, నడుమ నిలువునా పగులు. దాని కింద మూడేళ్ళ కిందట మేం గడ్డపారలతో దొర్లించిన రాళ్ళు ఇంకా తెల్లగా, పాచి పట్టకుండా ఉన్నాయి. ఒక తాడు ముక్క చీకిపోయి పడి ఉంది.

ఆ నాలుగు రోజుల గురించి చెప్పాలి. మొదటి రోజు అందరమూ కొండంతా అరుస్తూ తిరిగాం. రెండో రోజు సాయంత్రం అగ్నిమాపకం వాళ్ళు తాళ్ళూ దీపాలూ తీసుకుని తూర్పు పక్కకు దిగబోతున్నారు. అటువైపు వాలు నిటారుగా ఉంటుంది, లోతైన సందులు. అప్పుడే మామ ఏనుగుగుండు దగ్గర కమ్మీ కరిచి చెయ్యెత్తాడు. అందరినీ నోరు మూయమన్నాడు. మూడు వేళ్ళు చూపించాడు. ఆపి, మళ్ళీ మూడు. “నా కొడుకు బతికుండాడు. నేను నేర్పించినాను వాడికి, చిన్నప్పుడు” అని ఏడ్చాడు. ఆయన ఎవరో, కేజీఎఫ్‌లో ఏం చేసినవాడో మేమే వాళ్ళకు చెప్పాం. నేనే ఎక్కువ చెప్పాను. ముప్పై గంటల కథంతా గుక్క తిప్పుకోకుండా చెప్పాను. వాళ్ళు తాళ్ళు ఇటు తెచ్చారు. ఊరు ఊరంతా ఇటు వచ్చింది. రెండు పగళ్ళు, రెండు రాత్రులు ఆ పగులు కింద రాళ్ళు తీశాం. ప్రతి గంటకూ మామ విని, ఇంకా కొడుతున్నాడనేవాడు. నాలుగో రోజు తుపాను వాన పట్టుకుంది. వారం రోజులు ఎవరూ కొండ ఎక్కలేకపోయారు. తర్వాత తూర్పు పక్కకు గొర్రెలవాళ్ళు ఇద్దరు పోయి పైపైన చూసి వచ్చారు, అంతే.

ఆ వారం తర్వాత నేను కాలేజీకి పోలేదు. అందుకే పోలేదని చెప్పను, అప్పటికే హాజరు లేదు.

మామ గోనెపట్ట విప్పాడు. కమ్మీ కొనను చొక్కాతో తుడిచి, రెండో కొనను పగులు పక్కన తనకు తెలిసిన గుంటలో ఆనించాడు. మోకాళ్ళమీద కూర్చున్నాడు. ఆయనకు ముందు పళ్ళు రెండు లేవు, పక్క పళ్ళతో కరిచాడు. కళ్ళు మూసుకున్నాడు. అత్త సంచిని కడుపుకు అదుముకుని నిలబడింది. గాలి తప్ప ఏమీ లేదు.

నిమిషం. రెండు నిమిషాలు. నేను లోపల వేడుకుంటున్నాను, ఏమీ లేదను, ఏమీ లేదను అని.

మామ కుడిచెయ్యి లేచింది. మూడు వేళ్ళు.

అత్త నోట్లో నుంచి వచ్చిన చప్పుడు ఏడుపు కాదు. బరువు ఎత్తలేక కింద పెట్టినప్పుడు వచ్చే చప్పుడు. సంచితో సహా కూలబడింది.

అప్పుడు సవిత కదిలింది. నేలమీద చూసి, కొబ్బరికాయంత రాయి ఒకటి రెండు చేతులా ఎత్తుకుని, మామ వెనకగా గుండు రెండో కొసకు పోయింది. ఆమె నాకు కనిపిస్తోంది, మామ వీపు అటు ఉంది. ఆ రాయితో అదే బండను కొట్టింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు. ఆపకుండా. రాతి పొడి లేచింది. నాకు చెవులు గింగురుమన్నాయి. దగ్గర చెట్టుమీది పిట్టలు లేచిపోయాయి.

మామ కళ్ళు తెరవలేదు. పళ్ళ మధ్య కమ్మీ అట్లాగే ఉంది. చెయ్యి గాలిలో నెమ్మదిగా, ఓపికగా చూపిస్తోంది. మూడు. ఆగి, మూడు.

సవిత ఇంకా కొడుతోంది. పది. పన్నెండు. చేతులు చాలక రాయి జారిపోయి ఆమె పాదంమీద పడింది. అత్త తలెత్తి కూతురిని చూసింది, మొగుడిని చూసింది. ఆమెకు అర్థమైన క్షణం నేను చూశాను. చూడకుండా ఉండాల్సింది.

మామ కళ్ళు తెరిచాడు. మా మొఖాలు చూశాడు. వెనక్కి తిరిగి సవితను, ఆమె చేతులకు అంటిన తెల్లటి పొడిని, బండమీద కొత్త దెబ్బల గుర్తులను చూశాడు. చాలాసేపు ఆ గుర్తులను చూశాడు.

“కొట్టినావా?” అన్నాడు.

సవిత తల ఊపింది.

“ఇప్పుడా?”

“ఇప్పుడే అప్పా.”

ఆయన కమ్మీ నాకు అందించాడు. “నువ్వు పెట్టురా.”

“వద్దు మామా.”

“పెట్టురా అంటే!”

పెట్టాను. ఇనుము ఉప్పగా, ఆయన ఎంగిలితో తడిగా ఉంది. సవిత వైపు చెయ్యి ఊపాడు. ఆమె ఇంకో చిన్న రాయి తీసి ఒక్క దెబ్బ, మెల్లగానే కొట్టింది. దవడలో నుంచి కళ్ళ వెనక్కి వచ్చి తగిలింది, ఎవరో నా తలకాయ లోపల తలుపు కొట్టినట్టు. అదిరిపడి కమ్మీ వదిలేశాను.

“వినపడిందా?”

“వినపడింది మామా.”

“ఎట్ల?”

అబద్ధం చెప్పే అవకాశం ఉంది, కానీ నాకు అది చేతకాదు. “శానా గట్టిగా” అన్నాను.

మళ్ళీ పెట్టమన్నాడు. ఈసారి సవిత కొట్టలేదు. అందరమూ ఊపిరి బిగబట్టాం. “ఇప్పుడు?”

గాలి. అత్త కాలి కింద ఒక రాయి కదిలిన చప్పుడు. అంతే. “ఏం లేదు మామా. రాయే.”

ఆయన చేతులు రెండూ చెవులమీద పెట్టుకున్నాడు. కమ్మీ నా చేతిలో ఉంది, ఆయన నోట్లో లేదు. బండకు నాలుగడుగుల దూరంలో కూర్చుని ఉన్నాడు.

“నాకు కొడతానే ఉండాది” అన్నాడు. “కమ్మీ తీసినా కొడతానే ఉండాది. ఇప్పుడు కూడా.”

ఆయనే మళ్ళీ, ఎవరినీ చూడకుండా, “ఎన్నాళ్ళనుంచి ఇట్ల ఉండాదో” అన్నాడు.

“అయితే ఆ రెండు దినాలు…” అని మొదలుపెట్టి అత్త ఆగిపోయింది. పూర్తిచేయాల్సిన అవసరం లేదు. తాళ్ళు, దీపాలు, ఊరు మొత్తం, అన్నీ ఈ బండ కిందనే ఉన్నాయి. గిరీశ్ ఇక్కడ లేడు. ఎక్కడున్నా, నేర్పిన ప్రకారం వాడు కొట్టే ఉంటాడు. ఒక రోజా, రెండు రోజులా? నేను ఆ లెక్క మొదలుపెట్టి మధ్యలో ఆపేశాను. ఇప్పటికీ కొన్నిసార్లు బస్సులో కూర్చుని ఉండగా మళ్ళీ మొదలవుతుంది.

ఆమె తిడుతుందనుకున్నాను. పొద్దున కమ్మీ కోసం వీధంతా వినేలా అరిచిన మనిషి. అరవలేదు. సంచిలో నుంచి నీలం చొక్కా తీసింది. మడత విప్పి, దర్భ బొమ్మను లోపల పెట్టి, గుండీలు ఒక్కొక్కటే పెట్టింది, బడికి పంపేటప్పుడు పెట్టినట్టు, మెడ దగ్గర గుండీ కూడా. మామ ఎదురుగా పెట్టింది.

“ఒట్టు పెట్టినావు” అంది. గొంతు పెంచలేదు. ఆయన ఆమె మూతి చూసి విన్నాడు.

అక్కడ మన్ను లేదు. రెండు బండల మధ్య ఆకులు కుళ్ళి నల్లగా అయినది కాస్త ఉంది. నేను గడ్డపార తేలేదు. ఆయన వేళ్ళతోనే గోకాడు. గోరు ఒకటి లేచిపోయింది, ఆగలేదు. జానెడు లోతు గుంట అయ్యాక అత్త బొమ్మను దింపింది. ఆయన పిడికిలి నిండా మన్ను తీసుకుని పట్టుకున్నాడు. చాలాసేపు పట్టుకున్నాడు. సవిత పక్కన కూర్చుని తండ్రి మణికట్టు పట్టుకుంది. లాగలేదు, తొయ్యలేదు. పిడికిలి విడిపోయింది. మళ్ళీ తీసుకున్నాడు, వేశాడు. మళ్ళీ. చొక్కా కాలరు కనిపిస్తుంటే అత్త దాన్ని మన్నుతో తన చేత్తోనే కప్పబోయి, తనకు ఆ హక్కు లేదని గుర్తొచ్చి చెయ్యి వెనక్కి తీసుకుంది. అది కూడా ఆయనే కప్పాడు.

అత్త చిత్రాన్నం ఆకులో పెట్టి, నీళ్ళు చల్లి, “తినుకో నాయినా” అంది. కాకి రాలేదు. కాసేపు చూశాం, చీమలు వచ్చాయి. “చీమలైనా సరే” అంది. తర్వాత ఆమె కూడా తింది. మూడు ముద్దలు. ఏడుస్తూనే నమిలింది.

దిగేటప్పుడు ఆడవాళ్ళు ఇద్దరూ ముందు నడిచారు. సవిత కుంటుతోంది, తల్లి ఆమె భుజం పట్టుకుంది. ఇద్దరూ ఏదో మాట్లాడుకుంటున్నారు. మూడేళ్ళలో అత్త అంత మామూలు గొంతుతో మాట్లాడటం నేను వినలేదు. మామ, నేను వెనక. ఒరిగిన బండల కింద ఆయన ఇప్పుడు తట్టి చూడలేదు. పోయేటప్పుడు మమ్మల్ని చుట్టూ తిప్పిన గుండు కింద నుంచే నేరుగా నడిచాడు. నేను ఆయన వెనక నడిచాను.

సగం దిగాక దారి చీలుతుంది. ఎడమకు పోతే కారు. కుడికి దారి లేదు, కంప, దాని అవతల తూర్పు వాలు. పొద్దు నడినెత్తికి వచ్చింది, ఆ సందులన్నీ మాత్రం నల్లగానే ఉన్నాయి. ఆయన అక్కడ ఆగిపోయాడు. కింద అత్త, “రాండి బిరీన” అని పిలిచింది. ఆయనకు వినపడలేదు.

నా చొక్కా పట్టుకుని దగ్గరికి లాక్కున్నాడు. మెల్లగా మాట్లాడుతున్నానని ఆయన అనుకున్నాడు గానీ మెల్లగా లేదు. అందుకని నేను కిందికి చూశాను, వాళ్ళకు వినిపిస్తుందేమోనని.

“మునేషూ, ఇంగ నేను వినేదేం లేదు. ఆ పక్కకు ఎవురూ పోలేదు గదా. వచ్చే ఆదివారం నన్ను ఒగసారి ఆడికి పిల్చుకోనిపోప్పా. ఎముకే దొరుకుతాది, నాకు తెలుసు. నువ్వు దీపం పట్టుకో, సందుల్లోకి నేను దిగతా. మీ అత్తకు మాత్రం చెప్పొద్దు. ఆ యమ్మ ఈ పొద్దే రొంత అన్నం తినింది.”